స్టెమ్ సెల్స్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్రలు ఆపించండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. ఐదేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగింది, గ్రేడ్ 3 అన్నారు. ఆపరేషన్ అంటే భయపడుతోంది. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ పెరుగుతుందని విన్నాం. చేయించవచ్చా? ప్రస్తుతం బీపీ మాత్రతో పాటు రోజూ రెండు పూటలా డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటోంది. ఈమధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి.

జవాబు: మీరు అడిగింది స్టెమ్ సెల్స్ గురించే అయినా, నాకు టెన్షన్ పెట్టింది మీ చివరి రెండు వాక్యాలు. బీపీ ఉన్న మనిషి, ఈ వయసులో, రోజూ రెండు పూటలా డైక్లోఫెనాక్! ఎవరు రాశారో, ఎన్నాళ్లకు రాశారో మీరు చెప్పలేదు. పాత చీటీతోనే తెచ్చుకుంటున్నారని నా అనుమానం.

ఈ రకం మాత్రలు కిడ్నీలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలబడిపోతాయి, బీపీ పెరుగుతుంది. కొన్ని బీపీ మందులకు నీరు పోవడానికి ఇచ్చే మాత్ర కూడా తోడైతే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. కడుపులో పుండ్లు, గుండెపోటు ముప్పు సరేసరి. పాదాల వాపుకు ఇదే కారణమని నేను తేల్చి చెప్పలేను. గుండె జబ్బు కావచ్చు, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రే కావచ్చు. అందుకే ఒకటి రెండు రోజుల్లో ఫిజీషియన్‌కు చూపించి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష చేయించండి. అప్పటిదాకా డైక్లోఫెనాక్ ఆపండి, బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపవద్దు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని వెళ్లండి. పేరు లేని పొట్లాల మందు ఏదైనా వాడుతుంటే దాచకుండా చెప్పండి. వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది, అది హఠాత్తుగా మానేసినా ప్రమాదమే. నొప్పికి లివర్ జబ్బు లేకపోతే పారాసిటమాల్ వాడవచ్చు. మోతాదు మాత్రం డాక్టర్‌నే అడగండి. నొప్పి తగ్గుతోంది కదా అని నెలల తరబడి మింగేయడం చదువుకున్నవాళ్లు కూడా చేస్తున్నారు. ఏం చెప్పమంటారు!

ఇక స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు. గుజ్జుకు సొంత రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బతింటే తనంతట తాను సరిగా మానదు. తుంటి ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో కణాలు తీసి కీల్లోకి ఎక్కిస్తే అది మళ్లీ పెరుగుతుందన్నది ఆశ. కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గుతుంది, కాదనను. కానీ 2023లో ఫలితాలు వెలువడిన రోగులపై జరిపిన ఒక పెద్ద అమెరికన్ ట్రయల్‌లో, ఏడాది తర్వాత చూస్తే, ఈ ఇంజెక్షన్లు నొప్పి విషయంలో మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించలేదు. ఎమ్మారైలోనూ తేడా కనిపించలేదు. దెబ్బ తగిలి గుజ్జులో ఒకచోట మాత్రమే గుంట పడిన కుర్రాళ్లకు, వాళ్ల గుజ్జు కణాలనే ల్యాబ్‌లో పెంచి అమర్చే ఆపరేషన్ వేరు. దాని ఫలితాలు చూపించి అరిగిన మోకాళ్లకు ఆశ పెట్టేవాళ్లున్నారు. గ్రేడ్ 3 అంటే కీలు సందు ఇరుకైంది, ఎముక అంచులు కూడా పెరిగాయి. అక్కడ సమస్య గుజ్జు ఒక్కటే కాదు.

కాబట్టి మీ అమ్మగారికి నేనైతే సిఫార్సు చేయను. మోకాలు చూడకుండా చెబుతున్న మాట ఇది, మీ ఆర్థోపెడిక్ డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. ఎవరైనా 'ట్రయల్' అంటే దాని రిజిస్ట్రేషన్ వివరాలు అడగండి. ట్రయల్ అంటూనే భారీగా డబ్బు కట్టమంటే అనుమానించాల్సిందే.

బరువు ఎక్కువుంటే తగ్గించండి. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరాలకు వ్యాయామం తప్పనిసరి: పడుకుని, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ ఐదు సెకన్లు ఆగాలి. మిగతావి ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవాలి. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఎక్స్‌రే గ్రేడ్ ఒక్కటే చెప్పదు. నడక ఎంత తగ్గింది, రాత్రి నిద్ర పడుతోందా అన్నవే ముఖ్యం.

మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.