తోరా వారపు చదువు ఒక వారం వెనకబడుతోంది – సమాధానం

యూదుల ధర్మగ్రంథమైన తోరాను వారానికో భాగం చొప్పున చదువుతుంటే ఒక వారం వెనకబడుతున్నానని అడిగారు. తప్పు మీ చదువులో లేదు, క్యాలెండర్‌లో ఉంది. జెరూసలేంలోని మీ స్నేహితుడు ఒక పరాషా (వారపు భాగం) ముందున్నాడన్నారు కదా. ఇజ్రాయెల్‌లో పస్కా 7 రోజులు, బయట 8. 2022లో ఆ ఎనిమిదో రోజు శనివారం పడింది. బయట పండగ పాఠం చదివారు, ఇజ్రాయెల్‌లో మామూలు పరాషా సాగిపోయింది. ఆ తేడా జూలై చివరిదాకా నడిచింది.

1. హెబ్‌కాల్ (యూదు క్యాలెండర్ వెబ్‌సైట్)లో ఇజ్రాయెల్ కాకుండా డయాస్పోరా (ఇజ్రాయెల్ బయట ఉండేవాళ్లది) ఎంచుకోండి.

2. ఒక్కో పరాషాలో అలియాలనే ఏడు చిన్న భాగాలుంటాయి. ఆదివారం మొదటి అలియా, సోమవారం రెండోది, అలా శనివారానికి ఏడు. నోవహు పరాషా చదివే వారంలో ఆదివారం ఆదికాండము 6:9–22, సోమవారం 7:1 నుంచి.

3. అందరూ మర్చిపోయేది ఇక్కడే. శనివారం పండగ వస్తే ఆ పరాషా పక్క శనివారానికి జరుగుతుంది. కొత్తది మొదలుపెట్టకండి, ఆదివారం మళ్లీ అదే పరాషా మొదటి అలియా తెరవండి. రెండోసారి చదివినప్పుడు రాషి (మధ్యయుగపు యూదు పండితుడు) వ్యాఖ్యానం కూడా పక్కన పెట్టుకోండి, నాకైతే ఆ వారమే ఎక్కువ అర్థమవుతుంది.

4. రెండు పరాషాలు కలిసిన వారంలో విడివిడి అలియాలు చదవొద్దు. రెండింటికీ కలిపి ఏడే ఉంటాయి, నాలుగోది మొదటి పరాషా చివరి నుంచి రెండోదాని మొదటిలోకి వెళ్తుంది.

5. ఒకరోజు తప్పితే టెన్షన్ వద్దు. శనివారం భోజనంలోపు పూర్తి చేయడం మంచిది, కుదరకపోతే బుధవారం వచ్చేదాకా చదవొచ్చని కొందరి అభిప్రాయంగా షుల్హాన్ అరూఖ్ (యూదు ధర్మశాస్త్ర గ్రంథం)లో ఉంది.