విలీనమైందా, కలుపుకుందా?

సందేహం: కువైట్‌పై ఇరాక్ దాడిని గురించిన వ్యాసంలో ఒకచోట ‘ఆక్రమణ’ అనీ, మరోచోట ‘కువైట్ ఇరాక్‌లో విలీనమైంది’ అనీ చదివాను. రెండూ ఒకటేనా?

సమాధానం: కావు. దండయాత్ర అంటే సేన కదలడమే, గెలవవచ్చు, వెనుదిరగవచ్చు. ఆక్రమణ అంటే కాలుమోపి పట్టుకోవడం. కొంత నేల ఇచ్చి మిగతా దేశాన్ని నిలుపుకుంటే, 1940లో ఫిన్లాండ్ చేసినట్టు, అది సంధి. ఇక విలీనం.

‘లీ’ ధాతువుకు అతుక్కోవడం, కరగడం అని అర్థాలు. మనం తలదాచుకునే నిలయం, చేతులు జోడించే ఆలయం, అన్నిటినీ ముంచే ప్రళయం ఆ ఒక్క ధాతువు బిడ్డలే. రసాయనశాస్త్ర పాఠంలోని విలీన ఆమ్లమూ అక్కడిదే. పోతన గజేంద్రుడి మొర వినండి: ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై’. ముందు ‘జనించు’, ఆ తర్వాతే ‘లీనమై’. ఎవరివల్ల పుట్టిందో ఆయనలోనే జగం ఒదిగి ఉంది. ఎవరూ దాన్ని ఈడ్చుకుపోలేదు. ఎన్నిసార్లు చదివినా ఆ రెండు మాటల వరుస దగ్గర నా మనసు నిలిచిపోతుంది.

ఇప్పుడు 1990 ఆగస్టు 2కు రండి. ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాయి. మొదట ఒక కీలుబొమ్మ ప్రభుత్వం, వారం తిరగకుండానే కలిపేసుకున్నామన్న ప్రకటన, నెలాఖరుకు 19వ రాష్ట్రమన్న పేరు. ఒట్టొమన్ తురుష్కుల కాలంలో కువైట్ నేటి ఇరాక్‌లోని బస్రాలో భాగమేనని, తన నేలే తనను చేరిందని ఇరాక్ వాదన. ‘విలీనమైంది’ అని రాసినవారు తెలియకుండానే ఆ వాదనకు వంత పాడారు. కలుపుకోవడం చెల్లదని భద్రతామండలి ఆగస్టు 9నే తీర్మానించింది. 1991 ఫిబ్రవరి చివరికి ఇరాక్ సేనలు వెళ్లిపోయాయి, మార్చిలో కువైట్ పాలకుడైన అమీర్ తిరిగొచ్చారు. కరిగిపోయినది అలా తిరిగివస్తుందా?

పత్రికల వారు ‘అయింది’ మీద ఇంత మోజు పెంచుకోవడం బాగాలేదు. చేసినవాడు ఆ క్రియ చాటున దాక్కుంటాడు. మనకు ‘కలుపుకుంది’ అన్న చక్కని మాట ఉంది. అందులోని ‘కొను’ ఎవరు, ఎవరి లాభానికి చేశారో చెప్పేస్తుంది. 2014 నాటి క్రిమియాకైనా నేను ‘రష్యా కలుపుకుంది’ అనే రాస్తాను. అయితే, దాడి చేసిన దేశం ప్రకటననే తెలిగించవలసి వస్తే, ‘విలీనం’ అన్న మాటను ఉటంకింపు గుర్తుల మధ్య ఉంచవచ్చు. దాన్ని తప్పు అనను.