నీటి బొట్లతో స్పార్క్ రావట్లేదా?

ప్రశ్న: పిల్లలతో కెల్విన్ నీటిబొట్ల యంత్రం (రాలే నీటిబొట్లతో విద్యుదావేశం పోగుచేసేది) చేయించాను. బకెట్‌కి రెండు సన్న గొట్టాలు, వాటి కింద రెండు రాగి తీగ రింగులు, అడుగున బెంచీ మీద రెండు రేకు డబ్బాలు. ఎంతసేపు నీళ్లు కారినా స్పార్క్ రావట్లేదు. నీళ్లలో ఉప్పు కలపాలా?
– సైన్సు టీచర్, ఒంగోలు

జవాబు: ఉప్పు వద్దు. కుళాయి నీళ్లు చాలు. ఉప్పునీళ్లు చింది ఆరితే తేమ పీల్చే పొర మిగులుతుంది, విద్యుదావేశం దాని మీదుగా కారిపోతుంది.

ముందు వైర్లు చూడండి. ఎడమ రింగు కుడి డబ్బాకి, కుడి రింగు ఎడమ డబ్బాకి కలపాలి. ఎడమ రింగులో రవ్వంత ఋణావేశం ఉందనుకోండి. మొదట్లో అలాంటి తేడా ఎటో ఒకవైపు ఉండనే ఉంటుంది. అది ధార కొసకి ధనావేశాన్ని లాగుతుంది. అక్కడే తెగిన బొట్టు దాన్ని మోసుకుని ఎడమ డబ్బాలో పడుతుంది. ఆ డబ్బాకి కలిపిన కుడి రింగు ధనావేశం పొంది, తన ధార నుంచి ఋణావేశ బొట్లు రాలుస్తుంది. అవి చేరిన కుడి డబ్బా ఎడమ రింగుని మరింత బలపరుస్తుంది. 1867లో భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ చూపిన కిటుకు ఇదే.

కాబట్టి రింగు ఎత్తు చాలా ముఖ్యం. ధార సరిగ్గా రింగు మధ్యలో తెగాలి. బాగా పైనే తెగితే బొట్టుకి ఆవేశం అంటదు. తెగకుండా డబ్బా దాకా పోతే, చేరిన ఆవేశం ధార వెంటే బకెట్‌లోకి వెనక్కి పోతుంది. రంధ్రం 1 మి.మీ., రింగు వెడల్పు 4 సెం.మీ. ఉంచి, వెనక నుంచి టార్చి వేస్తే తెగే చోటు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక తేమ. సముద్రపు గాలి తగిలే ఊళ్లో సగం వైఫల్యాలు దీనివల్లే అనుకోవచ్చు. చెక్క బెంచీ మీద నేరుగా పెట్టిన డబ్బా ఆవేశం నిలుపుకోదు. పొడి థర్మోకోల్ దిమ్మల మీద పెట్టండి, రింగులు పట్టే కడ్డీలు కూడా ప్లాస్టిక్‌వే వాడి హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. వైరు కొసలు మొనదేలి ఉంటే ఆవేశం గాలిలోకి పోతుంది, గుండ్రంగా చుట్టేయండి. రెండు డబ్బాల నుంచి తెచ్చిన గుండ్రటి కొసల మధ్య 2 మి.మీ. ఎడం చాలు. అందుకు సుమారు 6 వేల వోల్టులు పేరుకోవాలి. బొట్లు పక్కలకి చెదిరి రింగు వైపు వంగుతున్నాయంటే యంత్రం పనిచేస్తున్నట్టే. చిన్న డబ్బాలైతే చెయ్యి తగిలినా చురుక్కుమంటుందంతే.

ప్రశ్న: జలపాతం దగ్గర గాలికి ఋణావేశం ఎలా వస్తుంది? అక్కడ రింగుల్లేవు కదా!
– విద్యార్థిని, ఆదిలాబాద్

జవాబు: అది 1892లో భౌతిక శాస్త్రవేత్త లెనార్డ్ వివరించిన ప్రభావం. మంచినీళ్లు రాతికి కొట్టుకుని పగిలినప్పుడు బొట్టు పైపొర నుంచి లేచే సన్నటి తుంపర ఋణావేశంతో గాలిలో తేలుతుంది. పెద్ద బొట్లు ధనావేశంతో కింద పడతాయి. నీటి ఉపరితలానికే సొంతంగా ఆవేశపు పొర ఉందనడానికి ఇంకో ఆధారం బుడగలు: మామూలు నీళ్లలో విద్యుత్ క్షేత్రం పెడితే గాలి బుడగలు ధన ఎలక్ట్రోడు వైపు జరుగుతాయి, అంటే వాటి ఉపరితలం మీద ఋణావేశం ఉన్నట్టు. నీటికి ఆమ్లం కలుపుతూ పోతే ఆ కదలిక తగ్గుతుంది. ఆ ఋణావేశం హైడ్రాక్సైడ్ అయాన్లదేనా (నీటి అణువు విడిపోతే వచ్చే ఋణావేశ కణాలవేనా) అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది.