కష్టమైన చోట కొలువు: బేసిక్ మీద ఎంత, చేతికి ఎంత?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. అక్కడి విదేశాంగ శాఖలో ఫారిన్ సర్వీస్ ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ ఇచ్చిన ఊరికి హార్డ్‌షిప్ (కష్టమైన చోట పనికి ఇచ్చే అదనపు డబ్బు) 25 శాతం, డేంజర్ పే (ప్రమాదమున్న చోట పనికి ఇచ్చేది) 15 శాతం అని రాశారు. బేసిక్ 72,000 డాలర్లు. జీతం 40 శాతం పెరిగినట్టే, పైగా విదేశంలో సంపాదన కాబట్టి పన్ను ఉండదని బంధువులు అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: 40 శాతం సరే. అది దేని మీదన్నదే అసలు సంగతి. పన్ను మాట మాత్రం పూర్తిగా తప్పు.

రెండు శాతాలనూ బేసిక్ మీదే లెక్క కడతారు, ఒకదాని మీద ఇంకొకటి కట్టరు. హార్డ్‌షిప్ 18,000, డేంజర్ పే 10,800, కలిపి ఏడాదికి 28,800 డాలర్లు. అమెరికా ప్రభుత్వం రెండు వారాలకోసారి జీతమిస్తుంది కాబట్టి ఏడాదికి 26 జీతాలు. ఒక్కో దానిలో సుమారు 1,108 డాలర్లు అదనంగా కనిపించాలి.

చాలామంది పొరబడేది బేసిక్ దగ్గరే. నియామక పత్రంలో మొత్తం జీతం అని కనిపించే అంకెలో స్థానిక వేతనం (పనిచేసే ప్రాంతాన్ని బట్టి బేసిక్‌కు కలిపేది) కూడా కలిసి ఉంటుంది. విదేశంలో పనిచేసే ఫారిన్ సర్వీస్ వారికి వాషింగ్టన్ స్థానిక వేతనంలో మూడింట రెండొంతులు ఇస్తారు. ఆ పెద్ద అంకె మీద 25 శాతం వేసుకుంటే లెక్క వేలల్లో తేడా వస్తుంది. పే స్లిప్‌లో బేసిక్ వరుస ఏదో ముందు చూసుకోమనండి.

ఇక పన్ను. విదేశాల్లో సంపాదించిన ఆదాయానికి అమెరికా ఇచ్చే మినహాయింపు అమెరికా ప్రభుత్వమే జీతమిచ్చే ఉద్యోగికి వర్తించదు. హార్డ్‌షిప్, డేంజర్ పే రెండింటికీ పన్ను పడుతుంది. మీ అబ్బాయి ఒంటరిగా 22 శాతం శ్లాబులో ఉంటాడనుకుంటే ఆ 28,800లో 6,336 ఆదాయపు పన్నుకు పోతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (వృద్ధాప్య పింఛను, వైద్య పథకాలు) కోతలు కలిపి 7.65 శాతం, అంటే మరో 2,203. మిగిలేది సుమారు 20,260. సొంత రాష్ట్రం పన్ను ఉంటే అదీ తీసేయాలి. పన్ను పడనివి వేరే ఉన్నాయి: అక్కడి ధరలకు తగ్గట్టు ఇచ్చే జీవన వ్యయ అలవెన్సు, ఇంటి అలవెన్సు. మన డీఏతో పోల్చుకుని జీవన వ్యయ అలవెన్సు కూడా బేసిక్ మీద శాతం అనుకోకండి. జీతంలో ఖర్చు చేసే భాగాన్ని, కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి దాన్ని కడతారు. కష్టమైన ఊళ్లలో కొన్నిచోట్ల అది సున్నా కూడా.

చేరిన వెంటనే ఎస్ఎఫ్-1190 అనే విదేశీ అలవెన్సుల దరఖాస్తు ఫారం నింపాలి. చేరిన తేదీ పేరోల్‌లో సరిగా పడకపోతే డబ్బు ఆగుతుంది. రెండు పే స్లిప్పులు చూసినా ఆ వరుస కనబడకపోతే ఆఫీసులో అడగాలి. దీనికి ఎదురు తప్పు ఇంకా ఇబ్బంది: సెలవు మీద అమెరికా వచ్చిన రోజులకు హార్డ్‌షిప్, డేంజర్ పే రెండూ రావు. ఆ సెలవు సకాలంలో నమోదు కాక డబ్బు పడిపోతే తర్వాత బాకీ కింద కోసుకుంటారు. పాతిక రోజులు వస్తే మీ లెక్కలో దాదాపు 2,000 డాలర్లు. వచ్చింది కదా అని ఖర్చు పెట్టేయొద్దు.

పింఛనుకూ ఇవి లెక్కలోకి రావు. ఈ డబ్బు చూసుకుని ఇంటి లోను ఈఎంఐ పెట్టుకోవడం మాత్రం వద్దనే చెబుతాం. బదిలీ అయిన రోజున ఈ రెండు వరుసలూ పే స్లిప్ నుంచి మాయమవుతాయి.

ప్రశ్న: మా అల్లుడు పనిచేసే చోట గొడవలు పెరిగి డేంజర్ పే ప్రకటించారు. కానీ అదే సమయంలో హార్డ్‌షిప్ తగ్గించారు. ఇదేం న్యాయం? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: పొరపాటు కాదు. హార్డ్‌షిప్ రేటు కట్టేటప్పుడు వాతావరణం, కాలుష్యం, వైద్యం, నేరాలు, ఒంటరితనం, బడులు ఇలా ఒక్కోదానికీ పాయింట్లు వేస్తారు. రాజకీయ హింసకూ పాయింట్లుంటాయి. డేంజర్ పే వచ్చేది ఆ హింసకే కాబట్టి ఒకే ప్రమాదానికి రెండుసార్లు ఇవ్వకూడదని హార్డ్‌షిప్‌లోంచి ఆ పాయింట్లు తీసేస్తారు. హార్డ్‌షిప్ 5 నుంచి 35 శాతం దాకా అయిదేసి మెట్లలో ఉంటుంది. పాయింట్లు కాస్త తగ్గినా ఒక మెట్టు దిగొచ్చు. డేంజర్ పేకి మూడే మెట్లు: 15, 25, 35. కాబట్టి హార్డ్‌షిప్ అయిదు తగ్గి డేంజర్ 15 వస్తే నికరంగా పది పెరిగినట్టే. విడివిడిగా కాదు, రెండూ కలిపి చూడండి.

ప్రశ్న: మూడో ఏడాది కూడా ఉంటానంటే ఇంకో 15 శాతం ఇస్తారట కదా?

జవాబు: ఇస్తారు, అన్నిచోట్లా కాదు. హార్డ్‌షిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు. మనుషులు దొరకని పోస్టుల జాబితా విడిగా ఉంటుంది, ఆ జాబితాలో ఊరు ఉండాలి. మామూలుగా రెండేళ్లుండే చోట మూడేళ్లుంటానని ఒప్పుకోవాలి. ఇదీ బేసిక్ మీదే, దీనికీ పన్నుంది. సంతకం చేసేముందు మధ్యలో వెనక్కి వస్తే ఏమవుతుందో ఆ ఒప్పందంలో చదవాలి. పిల్లల చదువో, ఇంట్లో పెద్దల ఆరోగ్యమో మూడో ఏడాదిలో అడ్డుపడేలా ఉంటే ఈ 15 శాతం మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

ప్రశ్న: మన దేశంలో పోస్టింగ్‌కూ హార్డ్‌షిప్ ఇస్తారా?

జవాబు: ఇస్తారు. ఢిల్లీ గాలి సంగతి మనకు తెలియనిదా! రేట్ల పట్టికను రెండు వారాలకోసారి సవరిస్తారు కాబట్టి చేరే నాటి రేటే చూసుకోవాలి. అయితే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్థానికంగా చేరిన మనవాళ్లకు ఇది వర్తించదు. వారి జీతం ఇక్కడి మార్కెట్ జీతాలను బట్టి ఉంటుంది.

ప్రశ్న: భార్యాపిల్లలను తీసుకెళ్లనివ్వని పోస్టింగ్ అయితే?

జవాబు: విడిగా ఉండే కుటుంబ పోషణకు ఏడాదికి ఇంతని ఒక అలవెన్సు ఇస్తారు. ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది. దీనికి పన్ను లేదు. దరఖాస్తు చేస్తేనే వస్తుంది, ఫారం అదే ఎస్ఎఫ్-1190.

ప్రశ్న: భారత విదేశాంగ శాఖలో పనిచేసే మా తమ్ముడికీ ఇలాగేనా?

జవాబు: కాదు. మనవారికి 1961 నాటి ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సర్వీసు) నియమాల కింద ఫారిన్ అలవెన్సు ఉంటుంది. ఊరిని, హోదాను బట్టి నిర్ణయిస్తారు. విదేశంలో ఉన్నంతకాలం డీఏ రాదు, కాబట్టి ఇక్కడి పే స్లిప్‌తో పోల్చేటప్పుడు దాన్ని తీసేసి చూడాలి. పన్ను విషయంలోనూ అమెరికాకు తేడా ఉంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, విదేశంలో చేసిన సేవకు భారత ప్రభుత్వం అక్కడ ఇచ్చే అలవెన్సులకు పన్ను లేదు. ఆ మినహాయింపు బేసిక్‌కు ఉండదు. ఉద్యోగం ఎక్కడ చేసినా అది భారత్‌లో వచ్చిన ఆదాయం కిందే లెక్క. ఎన్నారై కాబట్టి జీతం చూపనక్కర్లేదని రిటర్నులో వదిలేస్తే నోటీసు వస్తుంది.