పని పోయిన తొలి నెలే గడ్డు

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ మూసేశారు. నెలజీతం 15,000, ఈఎస్ఐ (కార్మికుల బీమా) చందా కోసేవారు. దాచింది 40,000. దొరికిన పనిలో చేరిపోనా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: తొందరపడకండి. చందా కట్టిన రోజులు సరిపోతే, ఈఎస్ఐ వారి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం, 90 రోజుల వరకు నిరుద్యోగ భృతిగా ఇస్తారు, జీవితంలో ఒక్కసారే. మీకు రోజుకు సుమారు 250, మొత్తం 22,500. పథకం గడువు పొడిగిస్తూ వస్తున్నారు గనుక ముందు బ్రాంచి ఆఫీసులో అడగండి.

క్లెయిమ్ 30 రోజులు నిండాకే. తొలి నెల చేతికేమీ రాదు. చాలామంది ఆ నెల తట్టుకోలేకే తక్కువ జీతానికి తలొగ్గుతారు, తర్వాతి యజమాని కూడా ఆ జీతం చూసే బేరమాడతాడు. ఇంటిఖర్చు నెలకు 12,000 అయితే, ఆ తొలి నెలతో కలిపి నాలుగు నెలలకు 48,000. భృతి పోను మీ పొదుపులోంచి 25,500 చాలు. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో ఇవాళే చూసుకోండి.