మాత్ర అదే, మరి ఈసారి ఎందుకు పడలేదు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 52. ఆదోని పత్తి మార్కెట్ యార్డులో హమాలీ పని చేస్తాను. నడుము నొప్పికి మూడేళ్లుగా ఐబుప్రోఫెన్ 400 ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మూడు వారాల కిందట గజ్జల్లో తామర వస్తే చర్మవ్యాధుల డాక్టర్ రోజుకొక మాత్ర రాశారు. నొప్పి మాత్రల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పది రోజులుగా కడుపులో మంట, పాదాల వాపు. మూత్రం కూడా తగ్గింది. బీపీ 160/100 ఉంది. మూడేళ్లు పడిన మాత్ర ఇప్పుడెందుకు పడడం లేదు? షాపులో నకిలీది ఇచ్చారా? మందుల ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ముందు చేయవలసింది చెబుతాను, కారణం తర్వాత. ఐబుప్రోఫెన్ ఈ పూట నుంచే మానేయండి. మూత్రం తగ్గిందన్నారు కాబట్టి రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే ఆదోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్షలు చేయించుకోండి. బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి. మూత్రపిండాల ఫలితం చూశాక దాన్ని కొద్ది రోజులు ఆపాలా, మార్చాలా అన్నది అక్కడి డాక్టర్ నిర్ణయిస్తారు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా 108కి ఫోను చేయండి.

ఇక మీ అనుమానం సంగతి. మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఐబుప్రోఫెన్ అట్ట మీద పేరు, తయారీ తేదీ, గడువు తేదీ అన్నీ ఉన్నాయి. నకిలీదని అనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించలేదు. నన్ను ఆపింది రెండో ఫొటో. నాలుగు మాత్రలు మిగిలిన ముక్క అది. కత్తిరించినప్పుడు పేరు సగం పోయి ‘...కోనజోల్ 150’ అని మాత్రమే మిగిలింది. తామరకు 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చే ఆ మందు ఫ్లూకోనజోల్. మీ కష్టం దానితోనే మొదలైందని నా గట్టి అభిప్రాయం. చెడ్డ మందు కాదు, తామరకు పనిచేస్తుంది. ఐబుప్రోఫెన్‌తో కలవడమే ఇక్కడ ప్రమాదం.

ఐబుప్రోఫెన్ మాత్రలో నిజానికి ఒకటి కాదు, రెండు రూపాలు సరిసమానంగా ఉంటాయి. మీ రెండు చెప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. తోలు అదే, కొలత అదే, కుట్టు అదే. అయినా ఎడమ చెప్పు కుడి కాలికి పట్టదు. ఈ రెండు రూపాలూ అంతే. ఒకదాన్ని ఎస్ అనీ, రెండోదాన్ని ఆర్ అనీ పిలుస్తాం. నొప్పినీ వాపునూ తగ్గించేది ప్రధానంగా ఎస్ రూపం. కడుపు లోపలి పొరనూ మూత్రపిండాలనూ ఇబ్బంది పెట్టేది కూడా చాలావరకు అదే. ఆర్ రూపం ఊరికే పోదు. మన శరీరం అందులో సగానికి పైగా ఎస్ రూపంలోకి తిప్పేస్తుంది. ఎస్ మాత్రం తిరిగి ఆర్‌గా మారదు. అంటే మీరు 400 మిల్లీగ్రాములు మింగితే, అందులో ఎక్కువ భాగం చివరికి ఎస్‌గానే పనిచేస్తుంది.

పని అయ్యాక ఎస్ రూపం బయటికి పోవాలంటే కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మార్చాలి. దాని పేరు సీవైపీ 2సీ9. యార్డులో సరుకు దిగిన లారీలన్నీ ఒకే గేటులోంచి పోవాలనుకోండి. ఆ గేటుకు అడ్డంగా ఒక బండి నిలబడితే లోపల ఎంత రద్దీ పెరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లూకోనజోల్ చేసేది అదే. ఆరోగ్యవంతులకు ఈ రెండూ కలిపి ఇచ్చి చూసినప్పుడు, రక్తంలో ఎస్ రూపం ఉన్న మొత్తం 80 శాతం దాకా పెరిగింది. ఆ లెక్కన మీరు రోజుకు రెండు మాత్రలే వేసుకుంటున్నా, మీ కడుపుకూ మూత్రపిండాలకూ దాదాపు నాలుగు మాత్రల బరువు పడినట్టే. అందుకే కడుపులో మంట.

మూత్రపిండాల కథ ఇంకొంచెం లోతైనది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా మూత్రపిండాలకు రక్తం అందేలా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు రక్తనాళాన్ని తెరిచి ఉంచుతాయి. ఐబుప్రోఫెన్ వాటి తయారీని ఆపుతుంది. టెల్మిసార్టాన్ మూత్రపిండంలో వడపోతకు కావలసిన ఒత్తిడిని తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. మూడూ ఒకే అవయవం మీద పడతాయి. దానికి తోడు ఎండలో బస్తాలు మోస్తూ మీరు కార్చే చెమట. మూడేళ్లూ మీ మూత్రపిండాలు ఈ భారాన్ని ఎలాగో మోశాయి. ఫ్లూకోనజోల్‌తో ఎస్ రూపం పెరిగేసరికి మోయలేకపోయాయి. పాదాల వాపు, మూత్రం తగ్గడం, బీపీ పెరగడం ఆ కోవలోవే. పరీక్షలో తేలేదాకా ఇది నా అంచనానే, అయినా ఆలస్యం చేయడానికి వీల్లేని అంచనా.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: ఐబుప్రోఫెన్ పడలేదని డైక్లోఫెనాక్‌కో, నాప్రోక్సెన్‌కో మారతారు. దయచేసి ఆ పని చేయకండి. నాప్రోక్సెన్‌ను మొదటి నుంచీ ఒక్క ఎస్ రూపంలోనే అమ్ముతున్నారు. డైక్లోఫెనాక్‌కు ఈ ఎడమ కుడి గొడవే లేదు. అయినా మూత్రపిండాలకు రెండూ అదే హాని చేస్తాయి. ‘డెక్స్’ అని ముందు తగిలించిన డెక్స్‌ఐబుప్రోఫెన్ కూడా విడదీసిన ఎస్ రూపమే, కొత్త మందు కాదు. ప్రస్తుతానికి నొప్పికి పారాసెటమాల్, ఎంత మోతాదులో అన్నది పరీక్షలు చూసిన డాక్టర్ చెప్పినట్టు.

తామర మందు రాసిన డాక్టర్‌కు మీరు వాడేవన్నీ ఈసారి తప్పకుండా చెప్పండి. టెర్బినఫిన్ అనే మందు ఈ గేటుకు అడ్డం రాదు, కానీ మూత్రపిండాల ఫలితం చూడకుండా దాన్నీ మొదలుపెట్టకూడదు. స్టెరాయిడ్ కలిసిన పూత మందులు షాపులో అడిగి తెచ్చుకోకండి. రెండు రోజులు దురద తగ్గినట్టే ఉండి, తామర మరింత పాకుతుంది.

ఇది చదువుతున్న వారిలో రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారు ఉంటే ఒక్క మాట. వార్ఫరిన్‌కూ రెండు రూపాలున్నాయి. అందులో బలమైన ఎస్ రూపం పోయేదీ ఇదే గేటు నుంచి. దానికి ఫ్లూకోనజోల్, ఐబుప్రోఫెన్ రెండూ తోడైతే కడుపులో రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది.

చివరిగా, ఇవాళ ఫ్లూకోనజోల్ ఆపినా దాని ప్రభావం ఇవాళే పోదు. రక్తంలో అది సగానికి తగ్గడానికే 30 గంటల దాకా పడుతుంది. పైగా అది ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి పోతుంది. మూత్రం తగ్గితే ఇంకా ఎక్కువ రోజులు ఒంట్లో ఉంటుంది. కాబట్టి రెండు రోజుల్లో వాపు తగ్గిందని, నడుము నొప్పి భరించలేకపోతున్నానని మళ్లీ ఐబుప్రోఫెన్ వేసుకోకండి. ఆసుపత్రికి ఆ రెండు అట్టలూ, బీపీ మాత్రల అట్ట కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి. క్రియాటినిన్ ఎంత వచ్చిందో నాకు రాయండి, నడుము నొప్పికి ఏం చేయాలో అప్పుడు చూద్దాం.