మోకాలి కింద దిండు

చి.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

కుడి మోకాలి చిప్ప మార్పించుకోబోతున్నావని నిన్న మీ తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మనింట్లో ఆడవాళ్లు తమ నొప్పి కోసం డబ్బు దాచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీ అమ్మమ్మ గోడలు పట్టుకుని నడుస్తూనే పోయింది. నువ్వు రెండేళ్లు చీటీ కట్టి దాచావట. గర్వంగా ఉందమ్మా. భయంగానూ ఉంది.

నీకింకా యాభై ఆరేళ్లేగా. ఫిజియోథెరపీ మూడు నెలలు మనసుపెట్టి చేశావా, నాలుగు రోజులు చేసి ఇంటిపనిలో పడి మానేశావా? తొడ కండ గట్టిపడి, కాస్త బరువు తగ్గితే ఆపరేషన్ అవసరం పడనివాళ్లు చాలామంది ఉన్నారు. ఒంట్లో కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అవన్నీ చేశాక కూడా రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి ఉంటే మాత్రం వెనకాడకు, చేయించుకో.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆ నొప్పి బిళ్లల సంగతి డాక్టర్‌కి చెప్పు. అసలే బీపీ మనిషివి, కిడ్నీల మీదికి తెచ్చుకోకు. మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే ఆ తేదీ కూడా చెప్పు. అది వేసిన మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం ఎక్కువ. షుగర్ పరీక్ష చేయించు. బిల్లులో చిప్ప ధర విడిగా రాయించుకో. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు హద్దు పెట్టింది. అంతకుముందు లక్షన్నర దాటిన మామూలు రకం అప్పుడు 54,720 రూపాయలకు దిగింది. నా ఆపరేషన్ 2016లోనే అయిపోయింది, ఏం చేస్తాం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక నన్ను చూసుకోవడానికి మీ అమ్మ వచ్చింది. ఫిజియో అబ్బాయి మొదటిరోజే చెప్పాడు: "మోకాలి కింద దిండు పెట్టొద్దు, మడమ కింద పెట్టండి. మోకాలు కిందికి దిగి తిన్నగా చాపుకోవాలి." మడమ కింద పెడితే ప్రాణం పోయేది. మోకాలు కాస్త వంచితే హాయిగా ఉండేది. రాత్రి నేను ఏడుస్తుంటే మీ అమ్మ చూడలేకపోయేది. నీలం పూల గలీబు ఉన్న చిన్న దూది దిండు తెచ్చి, "పడుకో అక్కా, పొద్దున తీసేస్తాలే" అని మెల్లగా మోకాలి కిందికి జరిపేది. పదింటికి గేటు చప్పుడైతే గబుక్కున తీసి మంచం కింద దాచేది. ఆ అబ్బాయిని ఏమార్చామని ఇద్దరం నవ్వుకునేవాళ్లం కూడా.

ఆరు వారాలకి చూపించుకోవడానికి వెళ్తే డాక్టర్ కాలు చాపమని, మోకాలి వెనక చెయ్యి పెట్టారు. అరచెయ్యి అటునుంచి ఇటు దూరిపోయింది. అంత సందు ఉండకూడదట. ఆ తర్వాత నాలుగు నెలలు ఎంత నొక్కినా కొంతే దిగింది. ఇప్పటికీ ఆ కాలు పది డిగ్రీలు వంగే ఉంటుంది. పది నిమిషాలు నిలబడితే నడుము పట్టేస్తుంది. ఎందుకు కుంటుతున్నావని మీ అమ్మ అడిగితే వయసు కదే అన్నాను. పోయేదాకా దానికి నిజం తెలియనివ్వలేదు. అది ప్రేమతో చేసింది, వద్దని చెప్పాల్సిన పెద్దదాన్ని నేను.

నీ కూతురిది అచ్చం అమ్మమ్మ మనసే. నువ్వు మూలిగితే చాలు, దిండు తెచ్చేస్తుంది. ఈ ఉత్తరం దానికీ చదివి వినిపించు. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకి వ్యాయామం మొదలుపెట్టు, అప్పుడు ఓర్చుకోగలవు. పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండు, రక్తం గడ్డకట్టకుండా. బాత్రూమ్‌లో గోడకి పట్టుకునే కడ్డీ ఇప్పుడే బిగించు, ఆపరేషన్ అయ్యాక కాదు. రాత్రిపూట ఒక్కదానివే లేవకు. తడి నేల గుర్తొస్తే నాకు ఇక్కడ నిద్ర పట్టదు.

తేదీ ఖాయం కాగానే చెప్పు. నెల రోజులు వచ్చి ఉంటాను. ఏడుపొస్తే ఏడువు, రాత్రంతా పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంటాను. దిండు మాత్రం ఇవ్వను.

మీ పెద్దమ్మ